కేకేస్తే వినపడని చోట

ప్రార్థన మందిరం వెనక గది,
జనవరి 9

చెల్లాయి పిచ్చుకకి,

అన్నయ్య దీవెనలు. ముందు ఒక కబురు. మందిరం ఆఫీసులో ఫోను మూలన పడింది. బాగుచేయించే తీరిక సంఘ పెద్దకి లేదు, ఆయన వెంటపడే ఓపిక నాకు లేదు. కాబట్టి ప్రతి నెలా మొదటి ఆదివారం నువ్వు మిల్లు గేటు దగ్గర క్యూలో నిలబడి నాకు ఫోను చెయ్యక్కర్లేదు. ఇకనుంచి ఉత్తరాలు రాసుకుందాం. అయినా ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనిచ్చిందెప్పుడు? అమ్మ నీకు పిచ్చుక అని పేరు ఊరికే పెట్టలేదు. ఎత్తింది మొదలు పెట్టేసేదాకా నీ వాగుడే, నేను ఊ కొట్టడమే. ఉత్తరాల్లోనైతే నా వంతు నాకు వస్తుంది.

ఇక్కడంతా మామూలే. మీ వదిన పోయి నాలుగేళ్ళయినా గదిలో రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో నేను కూర్చుంటాను, రెండోదాంట్లో పుస్తకాలు కూర్చుంటాయి. ఆదివారం మందిరానికి నూటపది మంది వస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరూ రారు. పాస్టరు ఉద్యోగం అంతేలే అని సరిపెట్టుకుంటున్నాను.

ఒక సంగతి మాత్రం గమనించాను. ఈమధ్య జనం నోరు తెరిచి మాట్లాడటం మానేశారు. అందరిదీ గొణుగుడే. మొన్న కమిటీలో కోశాధికారి ఏదో అడిగితే, సరే పోనీ అని "అలాగే కానీండి" అన్నాను. తీరా చూస్తే మందిరం లోపల గోడలకి ఆకుపచ్చ రంగు వెయ్యమన్నానట. వారం తిరిగేసరికి వేసేశారు. ఇప్పుడు చిలకల పంజరంలో నిలబడి ప్రసంగం చేస్తున్నట్టుంది. నవ్వుకో, నవ్వుకుని జవాబు రాయి.

నీ అన్నయ్య


మిల్లు క్వార్టర్లు, మూడో అంతస్తు,
ఫిబ్రవరి 2

పాస్టరుగారికి, అంటే మా అన్నయ్యకి,

ఉత్తరాలే మంచిది. వందసార్లు మంచిది. ఆ ఫోను బాగుచేయించకు, నా మీద ఒట్టు. గేటు దగ్గర క్యూలో నిలబడి నిలబడి నా మోకాళ్ళు అరిగిపోయాయి.

ఆకుపచ్చ గోడల సంగతి చదివి ఒక్కదాన్నీ గదిలో పగలబడి నవ్వాను. నవ్వాక ఎవరికైనా చెబుదామని చుట్టూ చూశాను. ఎవరున్నారు? అద్దంలో నేనే ఉన్నాను. సరే, నీకే తిరిగి రాస్తున్నాను.

మా షెడ్డుకి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. ఇన్నాళ్ళూ ఆఫీసు కాగితాల్లో పెరిగిన మనిషి. షెడ్డుకి ఒక పక్కన, పైన, అద్దాల గది ఉంది కదా, అందులో కుర్చీ వేసుకున్నాడు. మొదటిరోజు ఆ గది తలుపు తీసి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేకేశాడు. కింద రెండొందల నలభై మరమగ్గాలు ఆడుతున్నాయి అన్నయ్యా! పిడుగు పడ్డా మాకు తెలీదు. ఆయన ముఖం ఎర్రగా కందిపోయేదాకా అరిచాడు, మేం వంచిన తల ఎత్తలేదు. లెక్కచెయ్యడం లేదనుకుని కోపం తెచ్చుకున్నాడు. మర్నాడు గోడకి నోటీసు అంటించాడు. ఆ మర్నాడు ఎర్ర లైటు పెట్టించాడు. అది వెలిగితే పైకి చూడాలట. పోగు తెగకుండా కాచుకుంటూ కూర్చునేవాళ్ళు పైకి ఎప్పుడు చూస్తారు?

పాపం, ఆయనకి ఎవరూ చెప్పలేదు. మా షెడ్డులో ఎవర్నైనా పిలవాలంటే ఒకటే దారి. మన మగ్గం వదిలి, నడిచి వెళ్ళి, ఆ మనిషి ఎదురుగా నిలబడాలి. వెనకనుంచి తట్టకూడదు, ఉలిక్కిపడి చెయ్యి మగ్గంలో పెట్టేస్తారు. ఎదురుగా నిలబడి, ఆ మనిషి తలెత్తేదాకా ఆగాలి. తలెత్తాక గొంతుతో పనిలేదు, పెదాలు కదిపితే చాలు. చేరిన ఏడాదికల్లా అందరికీ ఆ చదువు అబ్బుతుంది. పక్క మగ్గం పొడుగావిడ అలాగే నాతో రోజుకి ఎనిమిది గంటలు వాళ్ళ అత్తగారి మీద చాడీలు చెబుతుంది.

వేళకి తిను. రెండో కుర్చీలో పుస్తకాలు దుమ్ము పట్టనీకు.

పిచ్చుక


ప్రార్థన మందిరం వెనక గది,
ఏప్రిల్ 14

పిచ్చుకా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. నీ సూపర్‌వైజరు నాకు తెగ నచ్చాడు. అతని సంగతులు రాస్తూ ఉండు. ఇక్కడ నాకు నవ్వు తెప్పించేవాళ్ళు తక్కువ.

వచ్చే డిసెంబరుకి ఈ మందిరం కట్టి యాభై ఏళ్ళు. ఆ క్రిస్మస్‌కి పెద్ద సభ చేస్తారట. ప్రసంగం నాదే. దేవుడు మనిషి కావడం గురించి చెప్పమన్నారు. ఇంకేం, నా రాజు సిద్ధంగా ఉన్నాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా నువ్వు ముందు వరసలో కూర్చుని ఎన్నిసార్లు విన్నావో: రాజుగారు కిరీటం తీసి పక్కన పెట్టి, కూలివాడి బట్టలు వేసుకుని, జనం ఎలా బతుకుతున్నారో తెలుసుకోవడానికి వీధిలోకి వెళ్ళడం. ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నా ఇప్పటికీ ఆ చోట కళ్ళు తుడుచుకునేవాళ్ళున్నారు. నువ్వు కూడా ప్రతిసారీ "నీ గొంతు గంటలా మోగిందన్నయ్యా" అనేదానివి. ఈమధ్య ఆ మాట ఎవరూ అనడం లేదు. అన్నారేమో, గొణిగి ఉంటారు.

ఇళ్ళకి వెళ్ళి పలకరించడం తగ్గించాను. కాళ్ళ నొప్పులు. సాయంత్రాలు గదిలోనే గడిచిపోతున్నాయి. బాగానే ఉన్నాను.

నీ అన్నయ్య


మిల్లు క్వార్టర్లు, మూడో అంతస్తు,
మే 20

అన్నయ్యా,

మా సూపర్‌వైజరు కిందకి దిగాడు! నోటీసులు అయిపోయాయి, లైటు అయిపోయింది, ఫోర్‌మన్‌తో చీటీలు పంపడమూ అయిపోయింది. పోయిన సోమవారం తనే మెట్లు దిగి వచ్చి పొడుగావిడ ఎదురుగా నిలబడ్డాడు. చెవులకి కొబ్బరిచిప్పల్లాంటి డిప్పలు రెండు తగిలించుకుని మరీ వచ్చాడు. ఆవిడ తలెత్తి చూసి, ఆయన కళ్ళముందే పెదాలతో నాకు చెప్పింది: "ఈ చిప్పలాయన ఎవరే?" నవ్వు ఆపుకోలేక నా పోగు తెగిపోయింది. ఏమైతేనేం, దిగాడు. మనిషి చెడ్డవాడు కాదు.

నీ రాజు గురించి ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. ఇన్నేళ్ళూ అడగాలనుకుని అడగలేదు. ఆ రాజు సాయంత్రానికి కోటకి వెళ్ళిపోతాడు కదా? కూలివాడి బట్టలు విప్పేసి, వేడినీళ్ళతో స్నానం చేసి, పరుపు మీద పడుకుంటాడు కదా? మరి కూలివాడి బతుకు ఆయనకేం తెలిసినట్టు? అది వేషం కదా అన్నయ్యా.

ఇప్పుడు అసలు సంగతి. మా గుడ్డ బేళ్ళు తోలే లారీ డ్రైవరు మీ ఊరు మీదుగా వెళ్ళాడని రాశాను కదా? లేదు, రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నీకని ఒక దుప్పటి ఇచ్చి పంపించాను. తిరిగి తీసుకొచ్చేశాడు. తలుపు బద్దలయ్యేలా పది నిమిషాలు కొట్టాడట. పక్కకి తిరిగి కిటికీలోంచి చూస్తే, తలుపుకి వీపు పెట్టి కూర్చుని చదువుకుంటున్నావట. ఆయన కొడుతూనే ఉన్నాడు, నువ్వు పేజీ తిప్పావట.

ఫోను నిజంగా పాడైందా? నీ చెవికేమైనా అయిందా? దాచకుండా చెప్పు.

పిచ్చుక


మందిరం వెనక గది,
జులై 6

చెల్లీ,

ఫోను బాగానే ఉంది. పాడైంది నేను.

ఎడమ చెవి పోయి రెండేళ్ళయింది. కుడిది నిరుడు మొదలుపెట్టి ఈ చలికాలానికి పూర్తిగా మూసుకుపోయింది. నరాలు చచ్చిపోయాయి, మిషను పెట్టినా లాభం లేదని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. అయ్యగారికి మతిమరుపు వచ్చిందనుకుంటున్నారు, అనుకోనీ అని ఊరుకున్నాను. ఆదివారం పాటలప్పుడు నోళ్ళు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తూ నిలబడతాను. జనం కూర్చుంటే పాట అయిపోయినట్టు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను ఏం చెప్పినా అబద్ధమే. ఆరాధనలో పంచే ప్రభు బల్ల రొట్టె ఇచ్చే బేకరీ ఆవిడ గుర్తుందా? వాళ్ళాయన చలికాలంలో మంచాన పడ్డాడు. ఇరవై రోజులు ప్రతి సాయంత్రం వెళ్ళి ప్రార్థన చేశాను. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆవిడ మందిరం మెట్ల దగ్గరికి పరుగున వచ్చింది. "మా ఆయన లేచాడయ్యగారూ" అన్నట్టు వినపడింది. మంచం మీంచి లేచాడని. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ, నవ్వుతూ, "దేవుడికి స్తోత్రం, నేను అడిగింది ఇచ్చాడు" అన్నాను. ఆవిడ చేతులు లాగేసుకుని వెళ్ళిపోయింది. సంతోషం పట్టలేక అనుకున్నాను. మధ్యాహ్నం మందిరం ముందు శవపేటిక దించారు.

ఆవిడన్నది "లేడయ్యగారూ" అని.

లేడు, లేచాడు. మధ్యలో ఒక్క "చా". ఆవిడ అనని అక్షరం నేను విన్నాను, ఎందుకంటే నాకు కావాల్సింది అదే. ఆ సాయంత్రం ఆవిడ ముందే నిలబడి సమాధి ప్రార్థన చేశాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే చెవి సంగతి చెప్పాలి. ఆవిడ ఆ తర్వాత మందిరానికి రాలేదు. రొట్టె ఇంకో దుకాణంనుంచి వస్తోంది. ఆ వీధిలోకి నేను వెళ్ళడం లేదు. కాళ్ళ నొప్పులని రాశానే, అవి ఇవే.

ఇప్పుడు నాకేం మిగిలిందో చెబుతాను. నలభై ఏళ్ళుగా చెప్పాను, దేవుడు పైన కూర్చుని చూడలేదు, మనిషై వచ్చి మన కష్టం తనూ పడ్డాడని. ఆయనకి ఆకలేసింది. అలిసిపోయి పడవలో నిద్రపోయాడు. స్నేహితుడు పోతే ఏడ్చాడు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆయన ముసలివాడు కాలేదు. చెవిటివాళ్ళని బాగుచేశాడు గానీ తను చెవిటివాడు కాలేదు. నిండా వయసులో ఉండగానే వెళ్ళిపోయాడు. అరవై ఏడేళ్ళ మనిషికి తన దగ్గు తనకే వినపడకపోతే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు? ఆయన రాని చోటు ఒకటుంది చెల్లీ. నేను అక్కడ ఒక్కడినే ఉన్నాను.

ఎవరికీ చెప్పకు.

అన్నయ్య


మిల్లు క్వార్టర్లు,
జులై 30

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది. ఇది కూడా సరిగ్గా లేదు, అయినా పంపిస్తున్నాను.

నువ్వెలా ఉన్నావో నాకు తెలుసు. ఎలా తెలుసని అడగకు. తెలుసు. జనం మధ్య కూర్చుని అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వడం తెలుసు. ఎవరైనా నోరు కదిపితే వాళ్ళ ముఖం చూసి, సంతోషమో దుఃఖమో పోల్చుకుని, దానికి తగ్గట్టు తలూపడం తెలుసు. నువ్వు ఆవిడ చేతులు పట్టుకుని నవ్వడం పొగరు కాదు, తప్పు అంతకన్నా కాదు.

రెండు పనులు చెయ్యి. సంఘ పెద్దకి నిజం చెప్పు. ఆ తర్వాత మనుషుల కళ్ళల్లోకి చూడటం మానేసి పెదాల వైపు చూడటం మొదలుపెట్టు. మొదట్లో అంతా పిచ్చిగా ఉంటుంది. "ప", "బ", "మ" మూడూ ఒకలాగే కనపడతాయి. కొన్నాళ్ళకి మాట ముందూ వెనకా చూసి పట్టుకోవచ్చు. వెలుతురు వాళ్ళ ముఖం మీద పడేలా కూర్చో. మీసాలవాళ్ళతో జాగ్రత్త.

నువ్వు ఒక్కడివే లేవు అన్నయ్యా. నా మాట నమ్ము.

పిచ్చుక


మందిరం వెనక గది,
సెప్టెంబరు 11

చెల్లికి,

తెలుసు, తెలుసు, తెలుసు. నీ ఉత్తరంలో ఆ మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టాను. ఒక్కటి నన్ను అడగనీ. సాయంత్రం హూటర్ మోగగానే నువ్వు షెడ్డులోంచి బయటికి వస్తావు. బయటికి రాగానే నీ చెవులు నీకు తిరిగొస్తాయి. కాకి అరుపు వింటావు, పొయ్యి మీద నీళ్ళు మరగడం వింటావు. నాకు హూటర్ లేదు. ఎనిమిది గంటల చెవుడుతో నాకు పాఠం చెప్పకు.

రాజు వేషం వేశాడన్నావు కదా. నిజమే అన్నావు. ముప్ఫై ఏళ్ళ ప్రసంగాన్ని ఒక్క ముక్కలో కూల్చేశావు, ఒప్పుకున్నాను. మరి నువ్వు చేసిందేమిటి? నువ్వూ ఆ రాజువే. కూలివాడి బట్టలు వేసుకుని నా వీధిలోకి వచ్చి, నీ కష్టం నాకు తెలుసు బాబూ అని నా భుజం తట్టావు.

రాజీనామా రాసి సంఘ పెద్ద చేతికిచ్చాను. కారణం ఆరోగ్యం అని రాశాను. డిసెంబరు ప్రసంగం ఇంకెవరైనా చేస్తారు. దేవుడు నా కష్టం పడ్డాడని పదిమందిలో నిలబడి చెప్పలేను, నాకే నమ్మకం లేనప్పుడు. వచ్చే నెలాఖరులో ఈ గది ఖాళీ చేసి నన్నెవరూ ఎరగని చోటికి వెళ్తాను. అక్కడ ఎవరూ నాతో మాట్లాడరు కాబట్టి ఎవరి మాటా పొరపాటుగా వినను. అడ్రసు పంపను. దీనికి జవాబు రాయక్కర్లేదు.

అన్నయ్య


మిల్లు క్వార్టర్లు,
అక్టోబరు 5

అన్నయ్యా,

హూటర్ మోగితే చెవులు తిరిగొస్తాయన్నావు. మొదటి పదేళ్ళూ వచ్చేవి.

తర్వాత తిరిగి రావడానికి గంట పట్టేది. తర్వాత రాత్రి దాకా పట్టేది. ఎనిమిదేళ్ళ కిందట ఎడమ చెవి అసలు రాలేదు. ఆరేళ్ళ కిందట కుడిది కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు హూటర్ మోగిందని నాకు తెలిసేది పొడుగావిడ లేచి చీర దులుపుకుంటే. కాకి నోరు తెరవడం చూస్తాను. నీళ్ళు మరిగాయని మూత ఎగిరితే తెలుస్తుంది. నేను ఏ వేషమూ వెయ్యలేదు అన్నయ్యా. ఇరవై ఆరేళ్ళు ఇక్కడ ఉన్నాను, అంతే. మా సూపర్‌వైజరు మొన్న పోరాడి అందరికీ ఆ చెవి డిప్పలు ఇప్పించాడు. నాకూ ఇచ్చాడు. లోపల కాపాడాల్సిందేమీ మిగల్లేదని చెప్పడానికి మనసొప్పక, థాంక్స్ చెప్పి తగిలించుకున్నాను.

ఫోను సంగతి ఇప్పుడు చెబుతాను. ఎత్తింది మొదలు పెట్టేసేదాకా నా వాగుడే అన్నావు. నీ మాట వినపడక అన్నయ్యా. ఆగితే నువ్వేదో అడుగుతావు, అడిగితే జవాబు చెప్పలేను, అందుకని ఊపిరాడకుండా మాట్లాడి పెట్టేసేదాన్ని. నువ్వు ఊ కొట్టావన్నావు. ఇప్పుడు తెలిసింది, నీకూ వినపడక ఊ కొట్టావని. నిరుడంతా నెలకోసారి మనిద్దరం డబ్బులు కట్టి మరీ ఫోనులో ఏమీ వినలేదు. ఇది తలుచుకుని నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేశాను.

ముందు వరసలో ఎందుకు కూర్చునేదాన్నో అనుకున్నావు? భక్తి అనుకున్నావు. వెలుతురు నీ ముఖం మీద పడేది అక్కడే. వదినని సాగనంపిన రోజు నువ్వు చెప్పినదంతా నీ పెదాల మీద చదువుకున్నదే. చెవుల్లో ఏదో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అయిపోయాక వచ్చి "నా గొంతు నిలబడిందా?" అని అడిగావు. గంటలా మోగిందన్నాను. నీ గొంతు ఎలా ఉండేదో మర్చిపోతున్నానని నీతో ఎలా చెప్పను? అమ్మ నీ గొంతు విని మురిసిపోయేది. మనింట్లో ఉన్న గొప్ప వస్తువు అదొక్కటే. అది నాకు వినపడటం లేదని చెప్పడం నావల్ల కాలేదు. అందుకే దాచాను. నీకు కోపం వస్తే రానీ.

ఇక ఆయన సంగతి. నాకు వాక్యం అంత తెలీదు, నీ పెదాల మీద చదివినంతే. ఆయన ముసలివాడు కాలేదన్నావు, చెవిటివాడు కాలేదన్నావు. నీ ఉత్తరం వచ్చాక ఆ నాలుగు సువార్తలూ మళ్ళీ ముందేసుకుని కూర్చున్నాను. సిలువ మీద ఆయన పెద్దగా కేకేశాడు కదా, దేవుడా, ఎందుకు నన్ను వదిలేశావని? జవాబు ఎక్కడుంది? నాలుగూ వెతికాను. అంతకుముందు రెండు మూడుసార్లు ఆకాశంలోంచి మాట వచ్చిందని ఉంది. ఆ రోజు మాత్రం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ తండ్రి మాట వింటూ పెరిగినవాడికి, ఎప్పుడూ లేనంతగా అది కావాల్సిన రోజున ఏమీ వినపడలేదు. నీకు ఎలా ఉందో ఆయనకి ఆ మధ్యాహ్నం అలాగే ఉంది. రాజులాగా సాయంత్రం బట్టలు విప్పేసి వెళ్ళిపోలేదు, ఒళ్ళే పోయింది. ఆ తర్వాత లేచినప్పుడు కూడా చేతుల్లో ఆ గాయాలు అలాగే ఉన్నాయని నువ్వే చెప్పావు.

పైనుంచి కేకేస్తే మనకి వినపడదని ఆయనకి తెలుసనుకుంటాను. అందుకే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మా షెడ్డులో అదొక్కటే దారి.

ఉత్తరాలు ఆపకు. నువ్వు రాస్తే తప్ప నీ మాట నాకు వినపడదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

పిచ్చుక


మందిరం వెనక గది,
నవంబరు 28

పిచ్చుకా,

గది ఖాళీ చెయ్యలేదు. నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలైంది. ఎన్నిసార్లు చదివానో, మడతల దగ్గర చిరిగింది. నిన్ను రాజువని అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు. నన్ను క్షమించు.

ఫోను సంగతి చదివి నవ్వాను. గట్టిగానే నవ్వి ఉంటాను, మందిరం ఊడ్చే ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఎనిమిదేళ్ళు నువ్వు ఒక్కదానివీ అలా ఉంటే నేను గొంతు ఎలా ఉందని అడుగుతూ కూర్చున్నాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

పోయిన గురువారం బేకరీకి వెళ్ళాను. తలుపు దగ్గరనుంచే చెప్పేసి వచ్చేద్దామనుకున్నాను. నీ మాట గుర్తొచ్చి లోపలికి వెళ్ళి, ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ పిండి పిసుకుతోంది. తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది, కావాలనే ఎత్తలేదనుకుంటాను. ఎత్తాక చెప్పాను: "అమ్మా, నాకు చెవులు లేవు. ఆ రోజు మీరు లేడన్నారు, నేను లేచాడని విన్నాను." ఆవిడ పెదాలు కదిలాయి. అందలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మూడోసారి, మెల్లగా, ముఖం కిటికీ వైపు తిప్పి చెప్పింది. నేను పెదాల మీద చదివిన మొదటి మాట ఇదే, రాసి పెట్టుకో: "ముందే చెప్పుంటే గట్టిగా అరిచి చెప్పేదాన్ని కదయ్యగారూ."

కోపం పోలేదు. పోవాలని నేనూ అడగలేదు. వచ్చేటప్పుడు ఒక రొట్టె కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

అక్కడనుంచి నేరుగా వెళ్ళి సంఘ పెద్దకి డాక్టరు కాగితం చూపించాను. ఆయన చదివి, డ్రాయరులోంచి నా రాజీనామా తీసి, దాని వెనక రాసిచ్చాడు: "క్రిస్మస్ ప్రసంగం మీదే. తర్వాత సంగతి తర్వాత." కింద ఇంకో ముక్క కూడా రాశాడు: "గోడల రంగు మీకు నచ్చిందనుకున్నాం."

ప్రసంగంలోంచి రాజుని తీసేశాను. ఆ చోట మీ షెడ్డు పెట్టాను. నీ సూపర్‌వైజరు దిగినంతవరకే బాగుంది, ఆ తర్వాత ఆ కథలోకి నువ్వే రావాలి. ఇరవై ఆరేళ్ళు ఉన్నది నువ్వు కదా. అందరూ ఒప్పుకుంటారో లేదో తెలీదు. నాకే ఇంకా పూర్తిగా కుదరలేదు. కొన్ని రోజులు నమ్ముతాను, కొన్ని రోజులు ఈ గది ఉత్త ఖాళీ గదిలాగే ఉంటుంది. ఒకటి మాత్రం చెప్పగలను, ఆయన రాని చోటు ఒకటుందని ఇప్పుడు అనలేను.

భయంగా ఉంది పిచ్చుకా. నా గొంతు పైకెళ్తోందో కిందకెళ్తోందో నాకు తెలీదు. నువ్వు వస్తావా? ముందు వరసలో కూర్చుంటావా? గొంతు ఎలా ఉందని అడగను.

అన్నయ్య


మిల్లు క్వార్టర్లు, మూడో అంతస్తు,
డిసెంబరు 10

అన్నయ్యా,

సెలవు దొరికింది. సూపర్‌వైజరే నా మగ్గం దగ్గరికి వచ్చి, డిప్పలు తీసి చేత్తో పట్టుకుని, పెదాలతో చెప్పాడు: "పది రోజులు." ఉచ్చారణ ఘోరం, "పోది రోజులు" అన్నట్టుంది. నేర్చుకుంటాడు.

నీ మొదటి మాటే అంత పొడుగు మాటా? నాకు మొదట అందింది "టీ" అన్న మాట. నువ్వు ఎప్పుడూ చదువులో నాకన్నా ముందే.

ముందు వరసలో కూర్చుంటాను. గొంతు పైకెళ్తే బేకరీ ఆవిడ ముఖం చూసి తెలుసుకుంటాం. ఆవిడ రాకపోతే ఊడ్చే ఆయన ముఖం చూద్దాం.

మంగళవారం మధ్యాహ్నం రైలు దిగుతాను. స్టేషనుకి రావద్దు, ఆ జనంలో నువ్వు నన్ను పిలవలేవు, నేను నిన్ను పిలవలేను. దుప్పటి కూడా తెస్తున్నాను. రెండో కుర్చీలో పుస్తకాలు తీసి కింద పెట్టు. నీ కుర్చీ మాత్రం తలుపుకి వీపు పెట్టి వెయ్యకు, కిటికీ వైపు తిప్పి వేసుకో. చదువుకుంటూ ఉండు, పరవాలేదు.

నేను తలుపు కొట్టను. కొట్టినా నీకు వినపడదు, నువ్వు రమ్మన్నా నాకు వినపడదు. కిటికీ అవతల నీకు ఎదురుగా వచ్చి నిలబడతాను. నువ్వు తలెత్తేదాకా అక్కడే ఉంటాను.

పిచ్చుక